చట్టసభ గడప తొక్కని ఒప్పందాలు

స్విట్జర్లాండులో 2021 మార్చి 7న ప్రజలు ఒక వాణిజ్య ఒప్పందం మీద ఓటు వేశారు. ఇండోనేషియాతో కుదిరిన ఆ ఒప్పందం పామాయిల్ దిగుమతిని పెంచి అక్కడి అడవులను మింగేస్తుందని ఆక్షేపించినవారు సంతకాలు సేకరించి, విషయాన్ని ప్రజాభిప్రాయ సేకరణదాకా తీసుకువెళ్లారు. 51.6 శాతం మంది సరేనన్న తరువాత గాని అది అమలుకు రాలేదు. అదే స్విట్జర్లాండు, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్ కలిసిన ఎఫ్టా కూటమితో మన ప్రభుత్వం 2024 మార్చి 10న ఒప్పందం చేసుకుంది. 2025 అక్టోబరు 1 నుంచి అది అమలవుతోంది. దాని మీద మన పార్లమెంటులో ఓటింగు జరగలేదు. జరిగి తీరాలనే నియమమే మనకు లేదు.

స్వేచ్ఛా వాణిజ్యం మంచిదా, చెడ్డదా అనే వాదన పాఠకులకు కంఠోపాఠమే కనుక దాని జోలికి పోను. నా అభ్యంతరం సరకు మీద కాదు, సంతకం పెట్టే పద్ధతి మీద. ఒక చట్టం నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో ప్రభుత్వాన్ని మార్చి ఆ చట్టాన్ని మార్పించుకోవచ్చు. ఒప్పందంలో చేరిన మాటను మాత్రం, ఓటరు ఎంత గట్టిగా తీర్పు చెప్పినా, మొత్తం ఒప్పందం నుంచే వైదొలగితే తప్ప కొత్త ప్రభుత్వం తనంతట తాను తుడిచివేయలేదు.

ఈ మాట చెన్నైలో కూర్చుని రాయడానికి కారణం ఉంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి అడయారు కేన్సర్ ఆసుపత్రికి వచ్చే తెలుగువారు ఈ నగరానికి కొత్త కాదు. ఒక రకం రక్త కేన్సర్‌కు వాడే గ్లివెక్ మందు వ్యాజ్యం మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. స్విట్జర్లాండుకు చెందిన నోవార్టిస్ కంపెనీ అడిగిన పేటెంటును చెన్నై పేటెంటు కార్యాలయం 2006 జనవరిలో తిరస్కరించింది. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని మన చట్టం అంటుంది కాబట్టి, అభ్యంతరం చెప్పినవారిలో కేన్సర్ రోగుల సహాయ సంఘం కూడా ఉంది. తెలిసిన మందుకే కొత్త రూపమిచ్చి, గుణం మెరుగుపడిందని చూపకుండా పేటెంటు అడగరాదన్న సెక్షన్ 3(డి) రాజ్యాంగానికీ ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికీ విరుద్ధమని కంపెనీ మద్రాసు హైకోర్టుకెక్కింది. సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని, ఒప్పందం సంగతి తేల్చే వేదిక తాను కాదని హైకోర్టు 2007 ఆగస్టులో చెప్పింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కంపెనీకి పేటెంటు నిరాకరించింది. నెలకు సుమారు 1.2 లక్షల రూపాయల మందు, జెనెరిక్ రూపంలో పది వేల లోపే దొరికే వీలు అలా నిలబడింది.

ఇంతకూ ఆ సెక్షన్‌కు ఆ పదును ఎక్కడిది? 2004 డిసెంబరులో పేటెంటు సవరణ ఆర్డినెన్సుగా వచ్చింది. 2005 మార్చిలో అది పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, ప్రభుత్వాన్ని బయటినుంచి నిలబెడుతున్న వామపక్షాలు పట్టుబట్టడంతో 3(డి) కట్టుదిట్టమైంది. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఇచ్చిన అంతర్జాతీయ కట్టుబాటు అంగుళం కూడా కదలలేదు. దాని లోపలే రోగికి ఊపిరాడే సందును వెతికి పెట్టింది చట్టసభ. చర్చకు వచ్చింది కనుకనే ఆ సందు దొరికింది.

ఇప్పుడు ఆ సందులు ఒక్కొక్కటిగా ఇరుకవుతున్న తీరు చూడండి. ఎఫ్టా ఒప్పందం మీద సంతకమైన ఐదు రోజులకు, 2024 మార్చి 15న, పేటెంటు నిబంధనలు మారాయి. పేటెంటు పొందిన వస్తువును దేశంలో ఏ మేరకు అందుబాటులోకి తెచ్చారో ఏటా వివరం ఇవ్వవలసిన కంపెనీ ఇక మూడేళ్లకోసారి ఇస్తే చాలు. రుసుము లేకుండా చెప్పుకోగలిగిన ముందస్తు అభ్యంతరానికి రుసుము వచ్చింది. ఇవి గుమాస్తా పనుల్లా కనిపిస్తాయి గాని, 2012లో హైదరాబాదు కంపెనీ నాట్కోకు నెక్సావర్ అనే కేన్సర్ మందు తయారీకి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతి, దక్కినప్పుడు, పేటెంటుదారైన బేయర్ కంపెనీ స్వయంగా దాఖలు చేసిన ఆ వార్షిక వివరాలే సాక్ష్యంగా పనికొచ్చాయి. నెలకు 2.8 లక్షల మందు 8,800 రూపాయలకు దిగింది. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందమేమో, మందులను అందుబాటులోకి తేవడానికి కంపెనీలు ఇష్టపూర్వకంగా ఇచ్చే లైసెన్సులే మేలైన దారి అంటోంది. తప్పనిసరి లైసెన్సు ఇచ్చే అధికారం ఎక్కడికీ పోలేదని ప్రభుత్వం అంటోంది. కాగితం మీద పోలేదు, నిజమే.

భీమవరం రొయ్యకూ, తిరుప్పూరు బనియనుకూ విదేశాల్లో సుంకం తగ్గితే మేలు జరగదా అని అడిగేవారున్నారు. జరుగుతుంది. బేరసారాలు బజారులో సాగవని, చర్చలు గుట్టుగానే జరగాలని కూడా వారు అంటారు. అయితే బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం ఒప్పందం 21 సమావేశ దినాలపాటు పార్లమెంటు ముందు ఉండాలి. యూరోపియన్ పార్లమెంటు సమ్మతి లేనిదే యూరప్ ఒప్పందం ఖరారు కాదు. వాళ్ల ప్రతినిధి బల్ల దగ్గర కూర్చుని "మా సభ ఒప్పుకోదు" అని బెట్టు చేయగలడు. మన ప్రతినిధికి ఆ ఆసరా కూడా లేదు.

రాష్ట్రాల సంగతి మరీ అన్యాయం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం విదేశీ ఒప్పందాలు, రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం. ఈ రెండు పద్నాలుగులు తలపడితే గెలుపు ఎప్పుడూ మొదటిదానిదే, ఎందుకంటే ఒప్పందం అమలుకోసం ఏ విషయం మీదనైనా చట్టం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో కుదిరిన ఒప్పందం తమ తోటలను ముంచుతుందని 2009 అక్టోబరు 2న కేరళలో మానవ హారం కట్టారు. 2010 జనవరి 1న ఆ ఒప్పందం అమలులోకి రానే వచ్చింది. రాష్ట్రాల అంశాలను గట్టిగా తాకే ఒప్పందాల విషయంలో ముందుగా కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి కూర్చునే అంతర్‌రాష్ట్ర మండలిని సంప్రదించడం గురించి ఆలోచించాలని, మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి సభ్యులుగా ఉన్న, రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే సూచించింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని పట్టించుకోలేదు.

సంప్రదించాలంటే ముందు చదవాలి కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. వందల పుటల ఒప్పందం న్యాయవాదుల ఇంగ్లీషులో ఉంటుంది. రాష్ట్ర శాసనసభ్యుడు చదివేందుకు తెలుగు ప్రతి గాని, తమిళ ప్రతి గాని రాదు. యూరప్‌తో చర్చలు ముగిసినట్లు 2026 జనవరి 27న ప్రకటించారు. అక్కడ ఆమోదానికి ముందు ఒప్పంద పాఠం యూరోపియన్ యూనియన్ అధికార భాషలు ఇరవై నాలుగింటిలోకీ వెళ్లాలి. వాటిలో ఐదు లక్షల మంది మాట్లాడే మాల్టా భాష కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. భీమవరం రొయ్య మీద తమ యూరోపియన్ యూనియన్ ఎంత సుంకం వదులుకుందో మాల్టా జాలరి తన భాషలో చదువుకుంటాడు. ఆ రొయ్యను పెంచిన రైతు మాత్రం ఎగుమతిదారు చెప్పిన ధరను బట్టి ఒప్పందంలో ఏముందో ఊహించుకోవాలి.