రాకెట్‌కి ఉన్నపాటి దిక్కు మనిషికి లేదా?

టెన్నిస్ రూల్స్ రాసినవాళ్ళు చాలా దయగలవాళ్ళండి. రాకెట్‌ని నేలకేసి కొడితే రాకెట్ అబ్యూజ్. కోపంతో బంతిని ఎటో బాదితే బాల్ అబ్యూజ్. అంపైర్‌ని ఒక మాటంటే అది ఇంకో కేసు. మొదటిసారి వార్నింగ్, రెండోసారి పాయింట్ కట్, మూడోసారి ఏకంగా గేమే పోతుంది. అంటే ప్రాణం లేని రాకెట్‌కీ పరువుంది, రబ్బరు బంతికీ ఓ దిక్కుంది, అదే కోర్టులో ఒక మనిషి తనని తాను లోపల్లోపల రెండున్నర గంటలు ఆపకుండా తిట్టుకుంటుంటే మాత్రం అడిగే నాథుడు లేడు. కాబట్టి నా డిమాండ్ ఒక్కటే, ఆత్మనింద అనే నేరాన్ని వెంటనే రూల్ బుక్‌లో ఎక్కించాలి. ఆత్మస్తుతి పరనింద తప్పని పెద్దలు చెప్పారు, బానే ఉంది, కానీ ఆటగాళ్ళ జబ్బు దానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది.

నా సంగతే చూడండి. డబుల్స్ షటిల్ ఆడుతుంటా. మొన్న నా పార్ట్‌నర్, వయసులో నాకంటే పెద్దాయన, చేతికందిన షటిల్‌ని స్మాష్ చేయబోయి నెట్‌కి కొట్టాడు. "పర్లేదన్నా, ఐడియా కరెక్టే, నెక్స్ట్ చూద్దాం" అన్నా, మనస్ఫూర్తిగానే అన్నా. రెండు పాయింట్లయ్యాక అదే ఎత్తులో ఇంకోటి వచ్చింది, ఈసారి కొట్టింది నేను, తగిలింది మాత్రం మళ్ళీ ఆ నెట్‌కే. లోపల్నించి వినబడింది: "ఒరేయ్ దున్నపోతా, నీకెందుకురా ఈ ఆట". ఐడియా కరెక్టే అన్న ముక్క నా దగ్గరికొచ్చేసరికి ఎటు పోయిందో. బయటివాడెవడైనా ఆ టోన్‌లో మాట్లాడితే వాడితో జన్మలో కోర్టులోకి దిగను, వీడితో మాత్రం ఇన్నేళ్ళుగా ఆడుతూనే ఉన్నా, మార్చుకుందామంటే వేరే వాడు దొరకడు.

ఇది గాలి మాట కాదు. 1994లో జూడీ వాన్ రాల్ట్ అనే ఆవిడ బృందం 24 మంది జూనియర్ టెన్నిస్ ఆటగాళ్ళని మ్యాచ్‌ల్లో కూర్చుని గమనించింది, ఎవరు పైకి ఏం గొణుక్కుంటున్నారు, ఎలాంటి సైగలు చేస్తున్నారు అని. తిట్టుకోవడానికీ ఓడిపోవడానికీ లంకె కనబడింది. మరి తమని తాము పొగుడుకున్నవాళ్ళు గెలిచారా అంటే, ఆ లంకె మాత్రం కనబడలేదు! అద్దం ముందు నిలబడి "నేను సింహం, నేను సింహం" అని అరిపించే మోటివేషన్ గురువులు ఈ ముక్కని ఎందుకో స్టేజీ మీద చెప్పరు.

నా ఉద్యమానికి అడ్డమొచ్చే కేసు కూడా ఒకటుంది, దాచను. 2007 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్‌లో జర్మనీ ఆటగాడు టామీ హాస్, రష్యావాడు దవిదెంకో మీద ఆడుతూ మధ్యలో కుర్చీలో కూర్చుని జర్మన్‌లో తనతో తనే పెట్టుకున్న పంచాయితీ టీవీ మైకులకి దొరికిపోయింది. ఇలా ఆడితే గెలవలేవన్నాడు, ఉత్తినే మనుషులకి డబ్బులిస్తున్నానన్నాడు, శుద్ధ మూర్ఖుడివి అనీ అనుకున్నాడు, అన్నీ అయ్యాక చివర్లో అయినా సరే నువ్వే గెలుస్తావు, పోరాడు అని లేచాడు. ఐదు సెట్లు ఆడి గెలిచాడు. నా ప్రకారం అది తీర్పు చివర్లో మార్చుకున్న జడ్జి కేసు. మనలాంటివాళ్ళం మొదటి సగం మాత్రం హాస్ కంటే బాగా చేస్తాం.

అసలు లోపల్నించి వచ్చే ఆర్డర్లలో పరమ చెత్తది "వద్దు". మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే ఏమవుతుందో మనకి ఎప్పట్నించో తెలుసు, డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కోతి బదులు తెల్ల ఎలుగుబంటిని పెట్టి 1987లో అదే నిరూపించాడు. తర్వాత 1998లో గోల్ఫ్‌లో పట్ చేసేవాళ్ళకి, అంటే బంతిని నేల మీదే మెల్లగా గురి దాకా దొర్లించేవాళ్ళకి, గురి దాటించొద్దని చెప్పి, మనసులో ఒక నంబరు కూడా మోయమంటే, శుభ్రంగా దాటించారు. ఇక తెలుగులో అయితే ఈ కష్టం డబుల్, మన వాక్యంలో "వద్దు" ఆఖర్న కదా వచ్చేది. "నెట్‌కి కొట్టొ..." దాకా చెయ్యి శ్రద్ధగా వింటుంది, "...ద్దు" వచ్చేలోపు పని కానిచ్చేస్తుంది.

మరి ఏం మాట్లాడుకోవాలి అంటే, బోరు కొట్టే మాటలు. 2011లో గ్రీసు పరిశోధకులు 32 అధ్యయనాలు కలిపి లెక్కేస్తే, సరిగ్గా మాట్లాడుకుంటే ఆట బాగుపడుతుందని తేలింది, గురీ ఒడుపూ కావల్సిన పనుల్లో ఉత్సాహపరిచే డైలాగుల కంటే "మోచెయ్యి పైకి", "షటిల్ చూడు" లాంటి పొడి మాటలే ఎక్కువ పనిచేశాయి. ఒంట్లో సత్తువ అయిపోయే ఆటల్లో ఉత్సాహానికీ విలువుందిలెండి, 2014లో వచ్చిన సైక్లింగ్ ప్రయోగంలో, ఎవరికి నచ్చిన మాటలు వాళ్ళు ఎంచుకుని రెండు వారాలు సాధన చేసినవాళ్ళు అలిసిపోయి ఆగేముందు 18 శాతం ఎక్కువ సేపు తొక్కారు. అలాగని ఆరితేరినవాళ్ళు ప్రతి షాట్‌కీ మణికట్టుని ఇన్‌స్పెక్షన్ చేయడం మొదలుపెడితే ఉన్నది కూడా పోతుంది, మెట్లు దిగుతూ ఏ కాలు ముందు అని ఆలోచించినట్టు.

ఇంకో చిక్కుంది, మర్యాద. ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్టు బృందం 2014లో చెప్పిందేంటంటే, ఒత్తిడిలో "నేను" అనే బదులు పేరు పెట్టో "నువ్వు" అనో పిలుచుకుంటే మనిషి కాస్త కుదుటపడతాడని. ఇంగ్లీషులో ఒకటే "యూ", వాళ్ళకేం. మనకి ఒరేయ్ ఉంది, నువ్వుంది, మీరుంది, తమరుంది, ఇన్నుండగా తనని తాను "మీరు" అనుకున్న తెలుగు ఆటగాడు ఒక్కడు కూడా ఉండడని బల్లగుద్ది చెప్తా. మనకి తెలిసిన అత్యంత చనువైన పిలుపు మనకే వాడుకుంటాం, ఆ చనువుతోనే కొంప ముంచుకుంటాం.

అందుకే నిన్న ఉద్యమాన్ని నాతోనే మొదలుపెట్టా. లోపల అంపైర్‌ని కూర్చోబెట్టా, టెన్నిస్ శిక్షలే పెట్టా, భాష మార్చా. మొదటి సర్వీస్‌కి "సార్, మీరు దయచేసి షటిల్ మీద చూపు పెట్టండి" అనుకున్నా. షటిల్ నెట్ దాటింది, లైన్ కూడా దాటింది. "పర్లేదు తమ్ముడూ" అన్నాడు పార్ట్‌నర్. లోపల "ఛీ వెధవా" అని మొదలైంది, వార్నింగ్ ఇచ్చా. "వార్నింగ్ ఇచ్చే మొహమేనా నీది" అంది, పాయింట్ కట్ చేశా. అప్పుడది అంపైర్‌ని పట్టుకుని ఏదో అంది, ఇక్కడ రాయలేను. స్కోరు ఇంకా సున్నా ఒకటే, నా రూల్ ప్రకారం మాత్రం గేమ్ పోయింది.