యాడ్ జనవరిలో, నష్టం జూలైలో: జిల్లెట్ 800 కోట్ల డాలర్ల కథలో నిజమెంత?

ఒక కథ కొన్నేళ్లుగా చేతులు మారుతూ తిరుగుతోంది. అది ఇలా ఉంటుంది: "2019 జనవరిలో జిల్లెట్ కంపెనీ మగవాళ్లకు నీతులు చెబుతూ ఒక యాడ్ తీసింది. మగవాళ్లకు ఒళ్లు మండి ఆ రేజర్లు కొనడం మానేశారు. ఆరు నెలలు తిరిగేసరికి కంపెనీ 800 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. చివరికి దిగివచ్చి క్షమాపణ చెప్పి యాడ్ తీసేసింది."

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఆ 800 కోట్లు ఏ లెక్కలోంచి వచ్చాయో నాకు తెలుసు కాబట్టి, ఈ కథ విన్న ప్రతిసారీ ఊరుకోవడం కష్టమవుతోంది. దీన్ని పంపేవాళ్లలో చాలామంది నిజమని నమ్మే పంపుతున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఒక్కో మాటా విప్పి చూస్తే ఈ కథ నిలబడదు.

ముందు యాడ్‌లో ఏముందో చెప్పాలి. దాని గురించి గట్టిగా వాదించేవాళ్లలో పూర్తిగా చూడనివాళ్లు నాకు చాలామంది తగిలారు. నిడివి రెండు నిమిషాల లోపే. 1989 నుంచి వాడుతున్న తమ నినాదాన్నే తీసుకుని, 'మగవాడికి దక్కే గొప్పతనం ఇదేనా?' అని కంపెనీ తనను తానే అడుగుతుంది. ఒక పిల్లాణ్ణి గుంపుగా తరిమే కుర్రాళ్లు కనిపిస్తారు. మీటింగ్‌లో ఒక మహిళ భుజం మీద చెయ్యి వేసి, ఆమె చెప్పాలనుకున్నది తనే చెప్పేసే పెద్దమనిషి కనిపిస్తాడు. గ్రిల్ పొయ్యిల వెనక వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డ మగవాళ్లు, ఎదురుగా ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే 'మగపిల్లలంటే అంతేలే' అని ఒకే మాట అంటుంటారు. తర్వాతి సగంలో ఒక తండ్రి పరుగున వెళ్లి ఆ ఇద్దరినీ విడదీస్తాడు. దారిన పోయే అమ్మాయి వెంట పడబోతున్న స్నేహితుణ్ణి ఒకతను ఆపుతాడు. మగవాళ్లను తిట్టిన యాడ్ అని పేరు పడింది కానీ, ఆ రెండో సగంలో మంచి చేసేవాళ్లందరూ మగవాళ్లే.

ఇక కథలోని మాటలు.

"కంపెనీ 800 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది."

అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. జిల్లెట్ అసలు యజమాని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్. 2005లో జిల్లెట్‌ను సుమారు 5,700 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. ఒక కంపెనీని కొన్నప్పుడు దాని ఫ్యాక్టరీలు, యంత్రాలు, సరుకు అన్నీ కలిపినా మనం ఇచ్చిన ధర అంత కాదు. పైన ఇచ్చినదంతా పేరుకీ, ముందు ముందు వస్తుందనుకున్న లాభానికీ ఇచ్చినట్టు. ఆ మొత్తాన్ని బ్రాండ్ విలువ అని కొంత, గుడ్‌విల్ అని కొంత ఆస్తుల కింద పుస్తకాల్లో రాసుకుంటారు. ఏడాదికి ఒక్కసారైనా ఆ అంకెను పరీక్షించాలి. అప్పుడు కట్టిన విలువ ఇప్పటికీ నిలబడుతుందా అని చూడాలి. నిలబడకపోతే ఆ తేడాను నష్టంగా చూపించి ఆస్తి విలువ తగ్గించి రాసుకోవాలి.

ఎక్కువ ధర పెట్టి ఒక ఇల్లు కొన్నారనుకోండి. పదమూడేళ్ల తర్వాత లెక్కగట్టేవాడు వచ్చి, ఇప్పుడు దీని ధర అంత లేదన్నాడు. ఆ రోజు మీ జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోలేదు. ఆ ఇంటికి అద్దె వస్తూనే ఉంది. మీరు కాగితం మీద రాసుకున్న విలువ మాత్రమే తగ్గింది.

2019 జూలై 30న ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చేసింది ఇదే. పన్ను లెక్క పోగా సుమారు 800 కోట్ల డాలర్ల మేరకు జిల్లెట్ విలువను పుస్తకాల్లో తగ్గించుకుంది. అందులో పెద్ద భాగం గుడ్‌విల్, మిగతాది బ్రాండ్ పేరుకు కట్టిన విలువ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న మూడు నెలలకూ కంపెనీ చూపించిన నికర నష్టం సుమారు 524 కోట్ల డాలర్లు. ఈ అంకె పక్కన ఆ 800 కోట్లను పెట్టి చూడండి. విలువ తగ్గింపు లేకపోతే అదే మూడు నెలల్లో కంపెనీకి 270 కోట్ల డాలర్లకు పైగా లాభం. నగదు నష్టం కాదని కంపెనీ తన ప్రకటనలోనే స్పష్టంగా రాసింది. ఆ ఒక్క మాటను వదిలేసి అంకెను మాత్రం పట్టుకుపోయారు.

"ఆ నష్టం యాడ్ వల్లే వచ్చింది."

కాకి వాలగానే తాటిపండు రాలింది కాబట్టి కాకే రాల్చిందనడం లాంటిది ఇది. దీన్నే మనవాళ్లు కాకతాళీయం అన్నారు. పండు ఎంతకాలంగా మగ్గుతోందో చూడాలి.

కంపెనీ చెప్పిన కారణాలు మూడు. మొదటిది కరెన్సీ. జిల్లెట్ అమ్మకాల్లో చాలా భాగం అమెరికా బయటే. 2005 చివర్లో ఒక డాలర్‌కు సుమారు 28 రష్యన్ రూబుళ్లు. 2019 మధ్యలో 63 రూబుళ్ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ అన్నే రేజర్లు అమ్మినా, ఆ డబ్బు డాలర్లలోకి మారేసరికి సగం కూడా రాదు. ఇలాంటి దేశాలు ఎన్నో. భవిష్యత్తులో వచ్చే డాలర్లను బట్టి విలువ కట్టే లెక్కకు ఇది ఎంత పెద్ద దెబ్బో చెప్పనక్కర్లేదు.

రెండోది పోటీ. 2012లో డాలర్ షేవ్ క్లబ్ అనే చిన్న కంపెనీ ఒక నవ్వుల వీడియోతో జనంలోకి వచ్చి, చవక బ్లేడ్లను నెలనెలా ఇంటికే పంపడం మొదలుపెట్టింది. 2013లో హ్యారీస్ వచ్చింది. 2016లో డాలర్ షేవ్ క్లబ్‌ను యూనిలీవర్ కొన్నది. ధర సుమారు 100 కోట్ల డాలర్లని వార్తలు వచ్చాయి. మార్కెట్ పరిశోధన సంస్థ యూరోమానిటర్ లెక్కల ప్రకారం అమెరికాలో మగవాళ్ల రేజర్ల మార్కెట్‌లో జిల్లెట్ వాటా 2010లో 70 శాతం పైచిలుకు. 2016కి 54 శాతం. 2017లో జిల్లెట్ అమెరికాలో ధరలు తగ్గించుకోవాల్సి వచ్చింది. కొన్ని రకాల మీద తగ్గింపు 20 శాతం దాకా ఉంది. ఈ పతనమంతా జరిగేనాటికి ఆ యాడ్ ఇంకా పుట్టనే లేదు.

మూడోది గడ్డం. మగవాళ్లు గడ్డం పెంచడం ఫ్యాషనైంది, ఆఫీసులు కూడా పట్టించుకోవడం మానేశాయి. రోజూ గీసుకునేవాళ్లు వారానికి రెండుసార్లు గీసుకుంటే కార్ట్రిడ్జ్ మూడింతలు ఎక్కువ రోజులు వస్తుంది. షేవింగ్ తగ్గడం వల్ల మార్కెట్టే చిన్నదైందని కంపెనీ చెప్పింది.

కంపెనీ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఈ కారణాలు చెప్పి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మారకపు రేట్లు కంపెనీ చేతిలో లేవు. పోటీదారుల ఎదుగుదల అందరి కళ్లముందూ జరిగింది. ధరల తగ్గింపు 2017లోనే వార్తల్లో వచ్చింది. ఈ మూడింటినీ సరిచూసుకోవడానికి కంపెనీ మాటను నమ్మాల్సిన పనే లేదు.

"మగవాళ్లు జిల్లెట్ కొనడం మానేశారు."

కొందరు మానేశారు, అది నిజం. రేజర్లను చెత్తబుట్టలో వేసి ఫొటోలు పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల కోపాన్ని నేను కాదనను. తన డబ్బుతో ఏది కొనాలో, ఏది మానాలో ప్రతి మనిషి ఇష్టం. కానీ ఆ కోపం అమ్మకాల్లో కనిపించిందా అన్నది వేరే ప్రశ్న. యాడ్ వచ్చిన పది రోజుల్లోపే, జనవరిలో ఫలితాలు చెప్పిన రోజున, అమ్మకాలు ప్రచారానికి ముందున్న స్థాయిలోనే ఉన్నాయని అప్పటి ఆర్థిక అధికారి జాన్ మోలర్ చెప్పారు. పది రోజుల లెక్క చిన్నదే, ఒప్పుకుంటాను. జూలైలో ఆ విలువ తగ్గింపు ప్రకటించిన రోజునే మాతృసంస్థ షేరు సుమారు 4 శాతం పెరిగి కొత్త గరిష్ఠాన్ని తాకింది. సబ్బులు, డైపర్లు అన్నీ కలిసిన కంపెనీ కాబట్టి ఆ పెరుగుదలను జిల్లెట్ ఖాతాలో వెయ్యను. అయితే 800 కోట్లు నిజంగా నగదుగా పోయి ఉంటే, డబ్బు పెట్టినవాళ్లు ఆ రోజు షేర్లు కొనేవాళ్లు కాదు.

"మగవాళ్లంతా తిరగబడ్డారు. యూట్యూబ్‌లో డిస్‌లైకులే సాక్ష్యం."

డిస్‌లైకులు లైకుల కంటే చాలా ఎక్కువ వచ్చిన మాట వాస్తవం. కానీ బొత్తాం నొక్కేది ఒళ్లు మండినవాళ్లు. నచ్చినవాళ్లు, పట్టనివాళ్లు చూసి వెళ్లిపోతారు. అదే జనవరిలో మార్నింగ్ కన్సల్ట్ సంస్థ అమెరికాలో సర్వే చేసింది. జిల్లెట్ తమ విలువలను పంచుకుంటుందని యాడ్ చూడకముందు 42 శాతం మంది అన్నారు. చూశాక అదే మాట అన్నవాళ్లు 71 శాతం. సర్వేలో చెప్పిన ప్రతివాడూ కొంటాడని కాదు. కానీ 'అంతా తిరగబడ్డారు' అన్న మాటకు ఇది సూటిగా అడ్డం వస్తుంది.

"క్షమాపణ చెప్పి యాడ్ తీసేశారు."

అప్పట్లో ఆ రెండూ జరగలేదు. జూలై ఫలితాల సమయంలోనే జిల్లెట్ వ్యాపారాన్ని చూసే గ్యారీ కూంబ్ దీని గురించి మాట్లాడారు. కొందరు నొచ్చుకోవడం తనకు సంతోషం కాదన్నారు. అయినా యువతరానికి దగ్గరవడానికి ఆ మూల్యం చెల్లించదగ్గదే అన్నారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా కంపెనీ సామాజిక వివాదాల నుంచి కాస్త జరిగి, అగ్నిమాపక సిబ్బంది లాంటి స్థానిక వీరుల మీద యాడ్‌లు చేస్తామన్నది. ఆ మార్పు నిజం, కథ చెప్పేవాళ్లు దాన్ని ఎత్తి చూపడంలో తప్పు లేదు. కానీ దారి మార్చుకోవడం వేరు, క్షమాపణ చెప్పడం వేరు.

ఆ యాడ్ మీద నాకూ అభ్యంతరాలున్నాయి. రేజర్లు అమ్మే కంపెనీ బుద్ధులు చెప్పడమేమిటని చిరాకు పడ్డవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. దశాబ్దాల పాటు నున్నటి గడ్డం, పక్కన అందమైన అమ్మాయి అని చూపించి అమ్ముకున్న బ్రాండే హఠాత్తుగా మీరు మారాలి అంటే వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. ఆ విమర్శ చేయండి, నేనూ కలుస్తాను. దానికి దొంగ లెక్క తోడు అక్కర్లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. ఏడిపించే పిల్లల్ని ఆపండి అని చెప్పినందుకు ఒక కంపెనీ కూలిపోయింది అన్న పాఠాన్ని, జరగని సంఘటనలోంచి ఇంతమంది నేర్చుకుంటున్నారు. రేపు ఏ మీటింగ్‌లోనైనా ఒకరు ఇలాంటి ఆలోచన ముందుపెడితే, ఇంకొకరు 'జిల్లెట్ గతి చూశారుగా' అని నోరు మూయిస్తారు.

ఈ కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ ఎత్తని అంకె ఒకటుంది. 2023 డిసెంబర్‌లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ జిల్లెట్ విలువను మళ్లీ తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. ఈసారి 130 కోట్ల డాలర్లు. కారణాల్లో పెరిగిన వడ్డీ రేట్లు, బలహీనపడ్డ కరెన్సీలు, అర్జెంటీనా, నైజీరియాల్లో వ్యాపారం కుదించుకోవడం ఉన్నాయి. 2005లో కట్టిన అదే ధర, దాని మీద మళ్లీ అదే కోత. అప్పటికి ఆ యాడ్ వచ్చి దాదాపు ఐదేళ్లు.