పెనెలోపీకి బారసాల

చిత్తా నక్షత్రం మొదటి పాదంలో పిల్ల పుడితే పేరు "పే"తో మొదలవ్వాలి. పేతో మనవాళ్లలో ఆడపిల్లల పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. పేరిందేవి, పేరంటాలు. మూడోది తడితే మీ దగ్గరే ఉంచుకోండి, మా అక్క కూతురికి పేరు పెట్టడం అయిపోయింది.

పుట్టింది డాలస్‌లో. ఇరవై ఒకటో రోజు దాకా బుజ్జీ, చిట్టీ అని గడిపేద్దామంటే అక్కడ కుదరదు, ఆస్పత్రిలోనే ఒకావిడ బర్త్ సర్టిఫికెట్ ఫారం పట్టుకుని నవ్వుతూ వచ్చి నవ్వుతూనే నిలబడుతుంది. దాంట్లోనే ఒక గడిలో టిక్కు పెడితే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా వచ్చేస్తుంది (అమెరికాలో ఏటా ఏ పేరు ఎంతమందికి పెట్టారో చెప్పే జాబితా తీసేది ఆ నంబరు దరఖాస్తుల్లోంచే). అత్తయ్యగారు మంచం పక్కనే కూర్చుని, "పేరిందేవి మా అమ్మమ్మ పేరు, ఎంత నిండుగా ఉంటుందో" అన్నారు. అక్క కళ్లు మూసుకుంది, నిద్రొచ్చి కాదు. అప్పుడు బావ ఫోన్లోంచి తలెత్తి "పెనెలోపీ" అన్నాడు.

బావకి సినిమా తార పెనెలోపీ క్రూజ్ అంటే ఎంత అభిమానమో అక్కకి తెలుసు, ఒక కన్ను తెరిచి చూసింది. బావ గబగబా గ్రీకు పురాణంలోకి దూకేశాడు. ఒడిస్సియస్ అనే రాజు భార్య, ట్రాయ్ యుద్ధానికెళ్లిన మొగుడి కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మహా ఇల్లాలు, అర్థం వచ్చి మగ్గం మీద నూలుకి సంబంధించింది. అంతే, మావయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయనది మంగళగిరి, వాళ్ల నాన్నగారు మగ్గం మీదే పిల్లల్ని చదివించారు. "నూలంటే పడుగా, పేకా?" అన్నారు. బావ వెతికి, అడ్డంగా వెళ్లే దారం అన్నాడు. "పేక! అక్షరం కూడా కలిసింది, రాసెయ్" అన్నారాయన. అది దారం కాదు, ఒక రకం బాతు పేరనీ, పెనెలోపీని పసిగుడ్డుగా సముద్రంలో పారేస్తే ఆ బాతులే ఒడ్డుకు చేర్చాయనీ ఇంకో కథ ఉంది. బావ దాన్ని వేలితో పైకి తోసేశాడు.

అక్క పెట్టిన షరతు ఒక్కటే, రేపు క్లాసులో ఈ పేరు ఇంకెవరికీ ఉండకూడదు. 2010 ప్రాంతంలో అయితే సరిపోయేది, అప్పటికి మొదటి వందలో కూడా లేదు. 2012లో టీవీ షోల కర్దాషియన్ కుటుంబంలో ఒకరింట్లో పాపకి పెట్టారు, 2013 జాబితాలో చూస్తే వందలోపలికి వచ్చేసింది, ఇప్పుడు మొదటి ముప్ఫై చుట్టుపక్కల తిరుగుతోంది. ఫారం తీసుకున్నావిడ "అయ్యో, మా మేనకోడలు పేరూ అదే" అని మురిసిపోయింది. అక్క రెండో కన్ను కూడా తెరిచింది కానీ అప్పటికే సంతకం అయిపోయింది.

అసలు గొడవ బారసాల నాడు. పళ్లెంలో బియ్యం పోసి బావ చేతికి ఉంగరం ఇచ్చారు. బావ అమెరికా వచ్చాక తెలుగులో రాసింది లేదేమో, "పె" ఒక్కటే సగం పళ్లెం ఆక్రమించింది, చివరికి "పీ" గుడిదీర్ఘం అంచు దాటి టేబుల్ మీద పడింది. పంతులుగారు వేలితో సర్ది "శుభం" అనేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. మావయ్యగారు మగ్గం కథ అందరికీ చెప్పించాలని పట్టుబట్టారు. పక్కింటి తెలుగువాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో ఆ కథ ఉన్న ఒడిస్సీ కావ్యమే పాఠమట, నేను చెప్తానని లేచింది.

"మొగుడు చచ్చిపోయాడని నూట ఎనిమిది మంది పెళ్లి చేసుకోమని వచ్చారు..."

"నూట ఎనిమిదా! అష్టోత్తరం!" అన్నారు పంతులుగారు.

"యుద్ధం పదేళ్లు, ఇంటికి రావడానికి ఇంకో పదేళ్లు."

"వీసా స్టాంపింగ్ కోసం వెళ్లి ఇరుక్కుపోయాడా పాపం" అన్నాడు వెనకనుంచి ఒకాయన, నవ్వకుండా.

"అప్పుడు తను ఒక గుడ్డ నేస్తోంది, అది అయ్యాకే పెళ్లి అంది. వాళ్ల మామగారు చచ్చిపోతాడు కదా, అప్పుడు కప్పడానికి."

హాల్లో చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది. అందరం మావయ్యగారి వైపు చూసి, వెంటనే చూడనట్టు తలలు తిప్పుకున్నాం. అత్తయ్యగారు మాత్రం తిప్పుకోలేదు, కోడలి వైపే చూస్తున్నారు. మా అమ్మ పులిహోర గిన్నె పట్టుకుని ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఆ పిల్లకి ఇవేం పట్టలేదు. పగలంతా నేసి రాత్రుళ్లు విప్పేసేదనీ, అలా మూడేళ్లు నెట్టుకొచ్చిందనీ, చివరికి పనమ్మాయి చెప్పేస్తే దొరికిపోయిందనీ వరసగా అప్పజెప్పింది.

మావయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మూడేళ్లూ ఆ గుడ్డ పూర్తి కానివ్వలేదా?"

"లేదు తాతగారూ."

"చూశారా, ఆ పిల్లకి మామగారంటే ఎంత ప్రాణమో!" అన్నారు ఊరందరికీ వినిపించేలా. అక్క అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆయన మళ్లీ ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, "ఇంతకీ ఆ మామగారు ఏమయ్యాడు తల్లీ?" అన్నారు, కొంచెం మెల్లగా.

"ఆయన బాగానే ఉంటాడు. ముసలివాడు కదా, ఎథీనా దేవత బలం ఇస్తుంది, లాస్ట్‌లో ఈటె విసిరి ఒక విలన్ వాళ్ల నాన్నని చంపేస్తాడు."

"ఆ వయసులో!" అంటూ మావయ్యగారు బొబ్బట్ల పళ్లెం తన వైపు లాక్కున్నారు. అత్తయ్యగారు షుగరు సంగతి గుర్తుచేయబోతే చెయ్యి అడ్డంపెట్టి, ఇంకో చెంచా నెయ్యి వెయ్యమన్నారు.