దీర్ఘాయుష్మాన్ భవ, ఓ ఫైబర్ బోటూ!

పూర్వం మన మత్స్యకారులు నాలుగు దుంగలు తాళ్లతో కట్టి, తెప్ప అనేవారు. పుచ్చిపోతే విప్పి పొయ్యిలో పెట్టేవారు. తెచ్చిన చేపల పులుసు తెచ్చిన తెప్ప మీదే ఉడికేది. అంత అనాగరికంగా ఉండేవి రోజులు. 2004 సునామీ తర్వాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ ఫైబర్ బోట్లు పంచాయి. చెద పట్టదు, కుళ్లదు, తుప్పు పట్టదు అన్నారు. అన్న మాట అక్షరాలా నిలబెట్టుకున్న పథకం ఇదొక్కటే. ఇప్పుడు 'ఇది కుళ్లదేమిటి' అని సణిగితే ఎలా?

మొన్న భీమిలి వైపు ఒకదాన్ని చూశాను. ఇసుకలో బోర్లా పడి ఉంది. అంచున రంగు పెచ్చులూడి, తెల్లటి గాజు నార బయటపడింది. దూదిలా ఉందని వేలితో తడిమాను. రాత్రి దాకా దురద. ముక్కు మీద పేరు 'గంగ' వరకే మిగిలింది, 'మ్మ' ఎటో కొట్టుకుపోయింది. నీడన రెండు మేకలు. పాత ఇనుము కొనే ఆయన వచ్చి ఇంజను, షాఫ్టు, ఆఖరికి బోల్టులు కూడా తూచి పట్టుకెళ్లాడట. డొల్లను మాత్రం ఊరికే ఇచ్చినా వద్దన్నాడట. వస్తువుల విలువ తేల్చడంలో ఆయన తక్కెడ మీద అప్పీలు లేదు.

దోషం రెసిన్‌ది, అంటే ఆ గాజు నారను అంటించి పట్టుకునే జిగురుది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ప్లాస్టిక్ బిందె కరిగి మగ్గుగానైనా పుడుతుంది, దీనికి పునర్జన్మ లేదు. తగలబెడితే విషపు పొగ, పాతిపెడితే చెక్కుచెదరదు. పెద్ద ఓడల అంత్యక్రియలకు హాంకాంగ్ ఒప్పందం ఉంది, 2025లో అమల్లోకి వచ్చింది. 500 టన్నుల లోపు వాటికి వర్తించదు. పసిబిడ్డలకు కర్మకాండ ఉండదు కదా, ఇదీ అంతే.

ఫ్రాన్స్‌లో 2019 నుంచి పాత విహార పడవలను ఉచితంగా విరగ్గొడుతున్నారు, ఖర్చులో కొంత కొత్తవి అమ్మేవారిదే. నార్వేలో తెచ్చి అప్పగిస్తే ఎదురు డబ్బిస్తారు, పని లేక. సిమెంటు బట్టీలో వేసినా రెసిన్ మండిపోయి గాజు సిమెంటులో కలుస్తుందట. పల్నాడులో, నల్లగొండలో అన్ని బట్టీలున్నాయి కాబట్టి, ఈ సంగతి ఎవరి చెవినా పడకుండా చూడాలి.

నా ప్రతిపాదన వేరు. ఆంధ్రలో మత్స్యకారుడికి 50 ఏళ్లకే పింఛను ఇస్తున్నారు. అదే చేత్తో బోటుకూ ఇవ్వాలి. వేలిముద్ర సంగతి తర్వాత చూసుకోవచ్చు. బతికే ఉన్నట్టు ధ్రువపత్రం అడగవచ్చు. అక్కడ మాత్రం మన బోటుకు ఏ చిక్కూ రాదు.