ఆ మెసేజ్ చూసి పిల్లలకు ఇన్‌హేలర్ ఆపకండి

"పిల్లల ఎలర్జీకి వంటింట్లోనే మందు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, స్కూలు తల్లుల గ్రూపులో ఒకసారి, మా పిన్ని దగ్గర్నుంచి రెండుసార్లు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

పెరుగు, అరటిపండు మానిపిస్తే తుమ్ములు ఆగుతాయట. ఆగవు. అవి రెండూ మానిపించిన నెలలో కూడా మా పాప లేవగానే వరసపెట్టి తుమ్మేది. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా గీత పడిపోయింది. మా వెనక ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ. వానలు పడి అది పూసినన్నాళ్లూ పాపకిదే బాధ.

రోజూ చెంచాడు తేనె నాకిస్తే పుప్పొడి ఒంటికి అలవాటవుతుందట. తేనెటీగ తెచ్చేది ఎక్కువగా పూలకు అంటుకుని ఉండే బరువైన పుప్పొడి. తుమ్ములు తెప్పించేది గాలికి ఎగిరేది. పైగా ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ముక్కులో నువ్వుల నూనె చుక్కలా? ఆ నూనె దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు. పసిపిల్లలకైతే మరీ ప్రమాదం.

ఇక నాకు ఒళ్లు మండిన ముక్క: "ఇన్‌హేలర్ అలవాటైతే జన్మలో మానలేరు, వెంటనే ఆపి సిరప్‌కి మారండి." ఎవరు రాశారండీ ఇది? ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాలను విప్పే మందు సాల్బుటమాల్. ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే అది వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 మి.లీ. పోస్తే 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు. అదంతా కడుపులోంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. ప్రివెంటర్ అంటే ఊపిరి గొట్టాల వాపును అదుపులో ఉంచడానికి రోజూ వాడే ఇన్‌హేలర్. అది ఆపితే పిల్లికూతలు మళ్లీ వచ్చేది అలవాటు పడినందుకు కాదు, లోపలి వాపు ఇంకా తగ్గనందుకు. మా పై అంతస్తులో ఒకావిడ ఈ మెసేజ్ చదివి ఆరేళ్ల బాబుకి ఇన్‌హేలర్ ఆపేసింది. పదో రోజు రాత్రి రెండింటికి వాడు డొక్కలు ఎగరేస్తుంటే ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. నా ఒళ్లో కూర్చుని "అమ్మా" అని పూర్తిగా అనలేకపోయాడు.

చివరి ముక్క మాత్రం నిజం. మెడికల్ షాపులో అడిగి జలుబు సిరప్‌లు తెచ్చి పోయొద్దంది. తప్పు పట్టాలనే చదివాను, దొరకలేదు. ఆ సిరప్‌లు చాలావాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే 2023 డిసెంబరులో చెప్పింది. నేనూ మా పాపకు మూడేళ్లప్పుడు అలాంటిదే పోశాను.

మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలం తిరుగుతున్నా డాక్టర్ రాసిన రిలీవర్‌ని, అంటే వెంటనే ఊపిరాడేలా చేసే ఇన్‌హేలర్‌ని, స్పేసర్ అనే గొట్టంతో ఇస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. పిన్నీ, ఆ మెసేజ్ ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఇదీ పంపు. ముందు రాజమండ్రి వదినకి ఫోన్ చెయ్యి, వాళ్ల బాబు ఇన్‌హేలర్ మీదే ఉన్నాడు.