పందికొక్కుకు జరిగిన అన్యాయం

నెల్లూరులో ఇంగ్లీషు మాటల మీద ప్రేమ ముదిరిపోతోంది. బస్సు, టికెట్టు, టెన్షన్ లాంటి మాటల సంగతి కాదు నేను చెప్పేది. అవి రోజూ నోట్లో నలిగేవే కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు. ప్రేమంతా అరుదైన మాటల మీదే. మాగుంట లేఔట్‌లో కాఫీ తాగుతున్న ఏ కుర్రాణ్ణయినా ‘నీకిష్టమైన ఇంగ్లీషు మాట ఏది’ అని అడగండి. తడుముకోకుండా ‘సెరెండిపిటీ’ అంటాడు. ఇష్టమైన తెలుగు మాట అడిగితే మాత్రం అప్పు అడిగినట్టు చూస్తాడు.

ఈ ప్రేమను ఎగతాళి చేసేవాళ్లున్నారు. నేను ఆ జట్టులో లేను. అరుదైన ఇంగ్లీషు మాట సమాజానికి గొప్ప మేలు చేస్తుంది. అది ఎదుటివాడికి అర్థం కాదు. అర్థమైతే వాడు జవాబు చెబుతాడు, జవాబు చెబితే వాదన పెరుగుతుంది, ఈలోగా టీ చల్లారిపోతుంది.

ఈ సూత్రాన్ని దేశానికంతటికీ నేర్పిన గురువు, రచయిత, రాజకీయ నాయకుడు శశి థరూర్. 2017 మే నెలలో తన మీద వచ్చిన టీవీ కథనాలను ఖండిస్తూ ‘ఫెరాగో’ అన్నారు. కలగాపులగం అని దాని అర్థం. జనం డిక్షనరీల మీద పడ్డారు. ఆయన ఏ కథనాన్ని ఖండించారో ఇప్పుడు ఎందరికి గుర్తుందో గాని, మాట మాత్రం నిలిచిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో తన కొత్త పుస్తకం గురించి చెబుతూ ఏకంగా 29 అక్షరాల ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ వదిలారు. 1741లోనే విలియం షెన్‌స్టన్ అనే ఇంగ్లీషు కవి ఒక ఉత్తరంలో వాడిన మాట అది. పనికిమాలినది, విలువలేనిది అనే అర్థమిచ్చే లాటిన్ ముక్కలు నాలుగు తెచ్చి వరసగా అతికించారు. మొత్తం కలిపితే ‘దేన్నైనా పనికిరానిదని తేల్చేయడం’. మనవాళ్లు ఇదే పనిని ఎదుటివాళ్ల ఇంట్లో చేపల పులుసు తింటూ, చిన్న పెదవి విరుపుతో కానిచ్చేస్తారు. కానీ పెదవి విరుపుకు స్పెల్లింగ్ లేదు, కాబట్టి గౌరవమూ లేదు.

‘డిఫెనెస్ట్రేషన్’ది ఇంకో రకం ఆకర్షణ. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడానికి పెట్టిన పేరు. 1618లో ప్రాగ్ నగరంలో ఇద్దరు రాజప్రతినిధులనూ వాళ్ల గుమస్తానూ కోట కిటికీలోంచి తోసేశారు. ముగ్గురూ బతికారు, ఐరోపాలో మాత్రం ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఈ మాట వాడే అవకాశం మామూలు మనిషికి జన్మలో రాదు, అందుకే అందరికీ అంత ఇష్టం. మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి ఇది నేర్చుకున్న రోజు నుంచి మేడ మీంచి బంతి పడినా డిఫెనెస్ట్రేషనే అంటున్నాడు. వాళ్ల అవ్వ కంగారుపడి, “ఎప్పట్నించిరా అబ్బయ్యా ఆ రోగం? డాక్టరుకు చూపించినారా?” అని అడిగింది. ఆమె వినికిడిలో తప్పేమీ లేదు.

తొలివాన వాసనకు ‘పెట్రికోర్’ అని 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. మనకు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాగానే వాట్సాప్ స్టేటస్‌ల నిండా పెట్రికోరే. అదే వాన గట్టిగా కురిసి రైలు కట్ట కింద అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాక లేచే వాసనకు ఏ శాస్త్రవేత్తా పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే దాన్నీ స్టేటస్‌లో పెట్టుకునేవాళ్లం.

ఇక సెరెండిపిటీ. వెతకనిది అనుకోకుండా దొరకడం. 1754 జనవరి 28న హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లీషు రచయిత ఒక ఉత్తరంలో ఈ మాట పుట్టించాడు. సెరెండిప్ రాకుమారుల కథ ఒకటి చదివి, ఆ పేరుకు తోక తగిలించాడంతే. సెరెండిప్ అంటే మన పక్కనున్న లంక. సింహళద్వీపం అనే మాట అరబ్బుల నోటా పారశీకుల నోటా నలిగి అలా తయారైంది. ఏ బిల్డరైనా అపార్ట్‌మెంటుకు ‘సెరెండిపిటీ’ అని పేరు పెడితే బుకింగులు మొదలవుతాయి. ‘సింహళద్వీపం’ అని పెట్టి చూడమనండి, వాచ్‌మన్ కూడా చేరడు.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువు గట్ల మీదికి వెళ్తే వేరే లోకం. అక్కడ పొద్దున లేస్తే వనామీ అనే రొయ్య, దానికొచ్చే వైట్‌స్పాట్ రోగం, ఆ రోగాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్. ఆ వనామీ రొయ్యకు 1931లో విల్లర్డ్ వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రవేత్త పేరే పెట్టారు. ఆయన పేరు సొంత దేశంలో ఎందరికి తెలుసో గాని, మన రైతులు మాత్రం రోజూ తలుచుకుంటున్నారు, కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలో ఆ లెక్కకు, ధర పడిపోయిన రోజు మరింత గట్టిగా. ఇన్ని అరుదైన మాటలు ఇంత ధారాళంగా పలికేవాళ్లను ఎవరైనా ‘ఆహా, ఎంత వొకాబ్యులరీ’ అన్నారా? అనలేదు. ఎందుకంటే వాళ్లకు వాటి అర్థం తెలుసు.

అసలు అన్యాయం పందికొక్కుకు జరిగింది. ఇంగ్లీషు డిక్షనరీలో ‘బ్యాండికూట్’ అని ఉన్నది మన పందికొక్కే. తెలుగునేల మీద వడ్ల బస్తాలు కొరుక్కుంటున్న ప్రాణి, పేరు ఓడెక్కి ఆస్ట్రేలియా దాకా పోయి అక్కడ పొట్టకు సంచి ఉన్న వేరే జంతువుకు తగులుకుంది. 1996లో ఏకంగా వీడియో గేమ్ హీరో అయింది. ఇంత చేసినా తన ఇష్టమైన మాట బ్యాండికూట్ అని చెప్పిన తెలుగువాడు ఒక్కడూ నాకు తగల్లేదు. మొలగొలుకుల వడ్ల బస్తాకు కన్నం పెట్టేదాన్ని కళ్లారా చూశాక ప్రేమ ఎలా పుడుతుంది?

ఒంగోలు గిత్తదీ అదే కథ. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్ వెళ్లిన ఆ జాతికి ఒక ‘ల’ తగ్గించి ‘నెలోర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ జాతి ఆవు వియాటినా-19కి 2023లో 40 లక్షల డాలర్లకు పైగా వెల కట్టారు. పశువు ఒంగోలుది, పేరు మనది, డబ్బు వాళ్లది. దీనిమీద ప్రకాశం జిల్లావాళ్లు ఏమంటారో ఇక్కడ రాయడం బాగుండదు.

కాబట్టి నాదొక వినతి. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుని, తీరినవాళ్లు రొట్టె ఇచ్చే మా బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె ఉన్నాయి. వాటి పక్కన వొకాబ్యులరీ రొట్టె కూడా ఒకటి చేర్చాలి. కోరిక తీరినవాడు మోకాటి లోతు నీళ్లలో నిలబడి 29 అక్షరాలూ ఒక్క గుక్కలో పలికి రొట్టె ఇవ్వాలి. మధ్యలో తడబడితే రొట్టె వాడే తినాలి. తీసుకునేవాడు అర్థం అడగకూడదు. అడిగినవాణ్ణి ఉద్యోగం రొట్టె లైనులోకి పంపేయాలి, అక్కడ ఎలాగూ జనం ఎక్కువ.