ఎర్ర కొండకు ఎరుపు తగ్గించాలి

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయను చూసి వచ్చి నీటిరంగుల్లో దాన్ని చిత్రించే మనవారి బొమ్మల్లో నాకు తరచుగా ఒకే లోపం కనిపిస్తుంది: కాళ్ల దగ్గరి రాయి ఎంత ఎర్రగా ఉంటుందో, పదిహేను కిలోమీటర్ల అవతలి గోడ కూడా అంతే ఎర్రగా ఉంటుంది. ఫోన్ దానంతటదే చిక్కబరిచిన రంగును నమ్మి, దాన్ని యథాతథంగా కాగితం మీదికి దించడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

నిజానికి ఆ ఎరుపు పైపూతే. కాన్యన్ నడుమ నిట్టనిలువుగా నిలిచిన రెడ్‌వాల్ సున్నపురాయి లోపల బూడిద రంగులో ఉంటుంది. పై పొరల నుంచి నీటితో జారిన ఇనుప ఆక్సైడ్ దాని ముఖాన్ని ఎర్రబరిచింది. మన రంగుల పెట్టెలోని బర్న్ట్ సియెనా అనే ఎర్రగోధుమ రంగుకు ఆ ఛాయనిచ్చేదీ ఇనుప ఆక్సైడే కనుక, కొండ చేసిన పనినే కుంచెతో చేయవచ్చు. ముందుగా పలుచని బూడిద వాష్ (నీళ్లు కలిపి పరిచే రంగు పూత) వేసి, అది పూర్తిగా ఆరాక గోడ పై అంచును మాత్రం తడిపి, అక్కడ సియెనా చుక్కను వదిలి బోర్డును కొంచెం వాల్చితే, రంగు తనంతట తానే చారలుగా దిగుతుంది. అవతలి గోడకైతే సియెనాలో అల్ట్రామెరైన్ నీలం కలిపి, నీళ్లు ధారాళంగా పోసి, అంచులను మెత్తగా వదిలేయాలి. ఒకటిన్నర కిలోమీటరుకు మించిన లోతును కాగితం మీద చూపేది ఈ తేడాయే గాని, ఎన్ని పగుళ్లు గీశామన్నది కాదు.

లోయ అంచున కూర్చుని వేసేటప్పుడు ఆ పొడిగాలితో జాగ్రత్త అవసరం. మొదటిసారి నా వాష్ కుడి అంచుకు చేరేలోపే ఎడమవైపు ఆరిపోయి గట్టి గీత పడింది. సిగ్గుపడి దాన్ని రాతి మెట్టుగా మార్చేశాను. ఇప్పటికీ ఆ బొమ్మలో అందరూ మెచ్చుకునేది ఆ మెట్టునే.

1871లో హేడెన్ నడిపిన ప్రభుత్వ సర్వే బృందంతో అమెరికాలోని ఎల్లోస్టోన్‌కు వెళ్లిన చిత్రకారుడు థామస్ మోరాన్ ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. వెంట వచ్చిన ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ చిత్రాలు నలుపు తెలుపుల్లోనే ఉన్నందున, 1872లో ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించడానికి ముందు, అక్కడి రంగులు ఎలా ఉంటాయో అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యులకు చూపినవి మోరాన్ నీటిరంగులే. అంతటి బాధ్యత మోసిన ఆయన క్షేత్ర చిత్రాల్లో పెన్సిల్ గీతలు, అక్కడక్కడా పలుచని వాష్‌లు, చాలాచోట్ల ఖాళీగా వదిలిన కాగితమే కనిపిస్తాయి.